46 దినముల కొలువు

ఒక పని ఎంతకాలము నిలుచునో, ఆ పనియెడల మనుష్యుడు చూపవలసిన శ్రద్ధయు అంతకాలము మాత్రమే నిలిచిన చాలునా? ఈ ప్రశ్న పండితుల గోష్ఠులలో పుట్టినది కాదు. పంటకోతకు వచ్చిన కూలివాడు, పెండ్లిపందిరి వేయువాడు, ఎన్నికల విధికి పోవు ఉపాధ్యాయుడు, తిరునాళ్లలో నాలుగు రాత్రులు అంగడి కాచు బాలుడు, వీరందరును ఏదో ఒక గడియలో దీనిని ఎదుర్కొనినవారే. కొలువు శాశ్వతమైనచో శ్రద్ధకు ఆధారములనేకములుండును. యజమాని చూచుచుండును; మంచిపేరు నిలుచును; జీతము పెరుగును; తోటివారు గౌరవింతురు. మూన్నాళ్ళ ముచ్చటయైన కొలువునకు ఇవేవియు లేవు. అట్టిచోట శ్రద్ధ దేనిపై నిలుచును?

దీనిని పరీక్షించుటకు వైద్యుని వృత్తినో, రైలు నడుపువాని వృత్తినో తీసికొనుట సులభము. అక్కడ సమాధానము ముందుగనే సిద్ధమైయుండును. వినోదస్థలములో కొన్ని వారములకు కూలికి కుదిరినవాని విషయమట్లు కాదు. అతనిది పనివలెనే కనబడదు. అక్కడికి వచ్చువారందరు ఆటకై వచ్చుచున్నారు; వారిని ఆడించువాడును ఆడుచున్నాడనియే లోకము తలంచును. కూటికొఱకు కోటి విద్యలని నవ్వి దాటిపోవుదురు. ఇంత తేలికగా ఎంచబడు పనిలోనే మనస్సాక్షి బరువును సరిగా తూచి చూడవచ్చును.

హైదరాబాదులో నాంపల్లి మైదానమున ఏటేట జరుగు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనము తెలుగువారికి చిరపరిచితము. ప్రజల నోట అది నుమాయిష్. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల పూనికతో పబ్లిక్ గార్డెన్సులో చిన్నగా ఆరంభమై, 1946లో నాంపల్లికి మారినది. జనవరి 1న తెరచి ఫిబ్రవరి 15న మూయుట ఆనవాయితీ. అనగా 46 దినములు. దాని ఆదాయముతో నిర్వాహక సంఘము విద్యాలయములను పోషించుచున్నది. కాశ్మీరు శాలువలు, లక్నో కుట్టుపని వస్త్రములు, ఎండు ఫలములు అమ్ము వర్తకుల వరుసలు దాటిన తరువాత వినోద యంత్రములు కనబడును. జయింట్ వీలు, పిల్లల రైలు, నిలువు గోడలపై మోటారు సైకిలు త్రిప్పు మృత్యుకూపము, వీటి చుట్టును జనము మూగియుందురు. అక్కడ పని చేయువారిలో కొందరు యంత్రముతో పాటు జాతరనుండి జాతరకు సంచరించువారు. మరికొందరు ఆ ఆరేడు వారములకే కుదిరినవారు: టిక్కెట్టు కిటికీలో కూర్చుండువాడు, వరుసను అదుపులో నుంచువాడు, తలుపు గొళ్లెము వేయువాడు. ప్రదర్శనము మూసిన మరుదినమున వారి పేరు పిలుచువాడుండడు.

అమెరికా దేశములో ఇదే కొలువు వేసవికి సంబంధించినది. పాఠశాలలు మూతపడినది మొదలు సెప్టెంబరు మొదటి సోమవారమున వచ్చు కార్మిక దినము వరకు వేలాది విద్యార్థులు వినోదవనములలో పనికి చేరుదురు. ఒహాయో రాష్ట్రమున ఈరీ సరస్సు ఒడ్డున 1870లో స్నానతీరముగా మొదలై, నేడు రోలర్ కోస్టరులకు పేరుగాంచిన సీడార్ పాయింటు వంటి చోట్ల ఇట్టివారికి వసతిగృహములు సహా ఉన్నవి. అనేకులకు జీవితములోని తొలి జీతము ఇదియే. మహాచక్రము పుట్టుకయు ఒక ఋతువు కొరకే. 1893లో షికాగో నగరమున ఆరు మాసములు జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకై జార్జి ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తున దానిని నిలువబెట్టెను. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. ఒక్కమారు 2,160 మంది ఆకాశమున తిరుగగలిగిరి. తరువాత అది రెండు చోట్లకు మారి, 1906లో డైనమైటుతో పడగొట్టబడినది. పదమూడేండ్లకే ఇనుపతుక్కైన ఆ యంత్రమును జనులు నమ్మి ఎక్కిరి. తలుపు వేసినవాని పేరు మాత్రము ఎవరును అడుగలేదు.

ఇక ఆ పని ఎట్టిదో కొంత నిదానించి చూడవలెను. ఇరువది యేండ్ల యువకుని ఒకనిని ఊహించుకొనవచ్చును. తండ్రికి కొద్దిపాటి సేద్యము. కళాశాల రుసుము గడువు దగ్గరపడినది. ప్రదర్శనములో జయింట్ వీలు క్రింద తలుపులయొద్ద పని దొరికినది. అతనికి చెప్పబడినది మూడు మాటలలో ముగిసినది: ఎక్కించుము, గొళ్లెము వేయుము, దింపుము. నిజముగా చేయవలసినది వేరు. ఒక ప్రక్క తొట్లలో బరువైన కుటుంబములను వరుసగా ఎక్కించి, ఎదుటి ప్రక్కను ఖాళీగా విడిచినచో చక్రము తూకము తప్పును. మోటారుపైనను బ్రేకుపైనను మితిమీరిన భారము పడును. కావున ఒక తొట్టి నిండిన పిమ్మట చక్రమును సగము త్రిప్పి ఎదుటి తొట్టిని నింపవలెను. మెట్టెక్కుచుండగనే మనుష్యుల బరువును కంటితో అంచనా వేయవలెను. స్థూలకాయుడైన పెద్దమనిషిని నొప్పింపకుండ వేరొక తొట్టికి పంపవలెను. చీరకొంగు, ఓణీ, పొడుగు జడ కమ్ములకు చిక్కకుండ సర్దుమని చెప్పవలెను. గొళ్లెము వేసిన తరువాత మరల చేతితో లాగి చూడవలెను. వేసితినని తలంచుట వేరు, పడినదని చేతికి తెలియుట వేరు.

పెద్ద వినోదవనములలో యంత్రములు కొంత భారమును మోయును. రోలర్ కోస్టరు మార్గమును ఖండములుగా విభజించి, ఒక ఖండములో ఒక బండి ఉన్నంతవరకు వేరొక బండి అందు ప్రవేశింపకుండ బ్రేకులు వాటంతట అవియే ఆపును. రైలు మార్గములలో దీర్ఘకాలముగా నున్న పద్ధతియే ఇది. అనేక చోట్ల ఇద్దరు మనుష్యులు రెండు స్థానములనుండి ఒకేమారు మీట నొక్కిననే గాని బండి కదలదు. అయినను ఒడిమీదికి దిగిన ఇనుప అడ్డు బిగిసినదో లేదో ప్రతి ఆసనమునొద్ద లాగి చూచునది మనుష్యుని చేయియే. బెదరిన ముఖమును, ఆసనములో సగము లేచి వెనుకకు తిరిగిన బాలుని చూచునది మనుష్యుని కన్నే. ఇనుము ఇనుమును కాపాడును; కాని భయపడి చేయి బయటకు చాపిన పిల్లవాని సంగతి ఇనుమునకు తెలియదు.

ఇందులోని కష్టము బరువులెత్తుట కాదు, ఒకే దానిని చూచుచుండుట. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ విషయమై చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది. గడియారమువంటి పలకపై ముల్లు అడుగులు వేయుచుండగా, ఎప్పుడో ఒకమారు అది రెండు అడుగులు ఒకేసారి గెంతును. చూచువాడు దానిని పట్టుకొనవలెను. మొదటి అరగంట గడచునప్పటికే చూచువారు తప్పిపోనిచ్చు గెంతులు ఎక్కువయ్యెను. యుద్ధకాలమున రాడారు తెరలముందు కూర్చున్న సైనికుల విషయములో కలిగిన చింతనుండి పుట్టిన పరీక్ష ఇది. కండ్లు తెరచియేయుండును, మనస్సు మాత్రము జారిపోవును. ఈత కొలనులయొద్ద కావలియుండువారిని కొంతకొంత సేపటికి స్థానము మార్చుటకు కారణమిదియే. జాతర మైదానములో అట్లు మార్చుటకు రెండవవాడు దొరకునా యనునది వేరు ప్రశ్న.

ఒక్కొక్క ఆట ఐదు నిమిషములనుకొనినచో గంటకు 12. దినమునకు 8 గంటలైన 96. 46 దినములకు 4,416 ఆటలు. ఆటకు 40 మంది చొప్పున లెక్కించిన ఆ యువకుని ముందుగా 1,76,640 మంది సాగిపోవుదురు. వీరిలో ఒక్కరికైనను ఏమియు జరుగకపోవుటయే అతని పనికి ఫలము. ఇది విచిత్రమైన ఫలము. రైతు సాయంకాలమున కుప్పను చూచి తృప్తిపడును. తాపీవాడు గోడను చూచును. మెదకులో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పర్యవేక్షణలో లేచి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును కట్టినవారిలో అనేకులు కరవుకాలమున కడుపుకొఱకు వచ్చిన తాత్కాలికపు కూలివారే. వారి పేరులు మరుగుపడినవి గాని వారెత్తిన రాయి నిలిచియున్నది. ఇప్పటికిని క్రిస్మసునాడు వేలాది జనులు ఆ రాతినీడను నిలువబడుచున్నారు. గొళ్లెము వేయువానికి ఆ పాటి సాక్ష్యమును లేదు. అతడు సరిగా పనిచేసినచో మిగులునది శూన్యము. పడని బిడ్డను ఎవరును చూపలేరు. జరుగని అపాయమునకు ఎవరును కృతజ్ఞత చెప్పరు.

ఇట్టి చోట మనుష్యుని మంచితనము దేనిని ఆనుకొనునో తత్త్వవేత్తలు విచారించియున్నారు. జర్మను తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో ప్రచురించిన నీతిశాస్త్ర గ్రంథములో ఒక అంగడివాని ఉదాహరణము కలదు. అతడు పసిబాలునికి సహా ఒకే వెలకు సరుకు అమ్మును, ఎవరిని మోసగింపడు. అయితే అట్లు చేయుట అతని వర్తకమునకే లాభము గనుక, అది ధర్మముకొఱకు చేసెనో లాభముకొఱకు చేసెనో ఆ క్రియను బట్టి చెప్పజాలమని ఆయన భావము. గ్రామములోని కోమటి అంగడిని తలంచుకొనిన ఇది సులభముగా బోధపడును. నేడు తూకము తగ్గించినవాడు రేపు అదే ముఖమును చూడవలెను. ఊరి నోరు పెద్ద న్యాయస్థానము. తిరునాళ్ల అంగడికి ఆ న్యాయస్థానము లేదు. కొన్నవాడు మరల రాడు, అమ్మినవాడు మరల ఉండడు. కాంట్ అంగడివానియొద్దనుండి రేపటిని తీసివేసినచో మిగులువాడే ఈ ఋతువు పనివాడు. అతడు సరిగా తూచినయెడల ఆ తూకమునకు లాభమను కారణము చెప్పుట కష్టము.

అంతకు పూర్వమే ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథపు రెండవ భాగములో గైజీసు ఉంగరపు కథ చెప్పించెను. లిడియా రాజు కొలువులోని ఒక గొఱ్ఱెలకాపరికి ఒక ఉంగరము దొరకెను. దానిని త్రిప్పినవాడు ఎవరికిని కనబడడు. కనబడని మనుష్యుడు నీతిగా నుండునా యనునది అక్కడి ప్రశ్న. వినోదస్థలపు పనివానికి అట్టి ఉంగరము ఉచితముగా లభించును. అందరికి ఒకే రంగు చొక్కా, ఒకే టోపి. అతని ముఖము చూచి ఎవరును ఆగరు. చూపులన్నియు చక్రము మీదనే. తప్పు చేసినను మరుసటి వారమున అతడెవరో చెప్పగలవాడుండడు. అయితే ఉంగరము ధరించిన కాపరి రాణిని, రాజ్యమును అపహరించెను. గొళ్లెము వేయువాడు అపహరింపగలిగినది ఒక్క క్షణపు శ్రద్ధ మాత్రమే. అందుచేతనే అది అపహరణమని అతనికిని తోచదు.

కొందరు చట్టభయము చాలునందురు. చట్టము అపాయము జరిగిన తరువాత వచ్చును. నేడు కంబములపై కెమెరాలున్నవి. అవియు జరిగినదానిని చూపునేగాని, లాగి చూడని గొళ్లెమును లాగి చూడవు. మరికొందరు ఇది యువకులకు మంచి శిక్షణ, ఇక్కడ నేర్చిన క్రమశిక్షణ తరువాతి ఉద్యోగములో పనికివచ్చునందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని దీనిని కొంచెము నిదానముగా విన్నచో ఒక లోపము బయటపడును. తన భవిష్యత్తుకొఱకే గొళ్లెము సరిగా వేయువాడు, తొట్టిలోని బిడ్డను తన విద్యాభ్యాసమునకు పలకగా చేసికొనుచున్నాడు. ఆ బిడ్డ పలక కాదు.

ఆ బిడ్డ వైపునుండి చూచిననే ఈ విషయము తేటపడును. ఏడాదికొకమారు తండ్రి పట్నమునకు తీసికొనివచ్చెను. బస్సులో నిద్రపోక కూర్చుండెను. దూరమునుండి దీపముల చక్రమును చూచి తండ్రి చేయి గుంజెను. ఆ ఐదు నిమిషములు ఆమెకు సంవత్సరమంత పెద్దవి. తలుపువానికో అది ఆనాటి 80వ ఆట. గొళ్లెమొక్కటే, దానికి ఈ ప్రక్కను ఆ ప్రక్కను రెండు కాలములు నడచుచున్నవి. కొలువు తాత్కాలికమన్నది పనివానికిని యజమానికిని నడుమ నున్న ఒడంబడిక మాట. ఆ బిడ్డ ఆ ఒడంబడికలో చేరినది కాదు. ఆమె ప్రాణము ఆరువారములకు కుదిరినది కాదు. ఎవనిదో తెలియని చేతికి ఆమె తన్ను తాను అప్పగించుకొనుచున్నది. ఆ నమ్మిక ఐదు నిమిషములదే యైనను, ఆ ఐదు నిమిషములలో ఆమె తనకై ఏమియు మిగుల్చుకొనలేదు. ఇట్లు సంపూర్ణముగా అప్పగింపబడినదానిని కూలి లెక్క ప్రకారము సగము పుచ్చుకొందుననుట కుదరదు. ఇదియే మొదటి ప్రశ్నకు సమాధానముగా తోచుచున్నది: కొలువు ఎంతకాలమన్నది జీతమును నిర్ణయించును, ఎదుట నిలిచినవాడెవడన్నది కర్తవ్యమును నిర్ణయించును.

యోహాను సువార్త పదియవ అధ్యాయములో తోడేలు వచ్చినప్పుడు గొఱ్ఱెలను విడిచి పారిపోవు జీతగాని ప్రస్తావన కలదు. దానిని చదివి, జీతమునకు పనిచేయువారందరు మనస్సులేనివారని తలంచువారున్నారు. అది తొందరపాటు. అక్కడ నిందకు పాత్రమైనది జీతము పుచ్చుకొనుట కాదు, జీతముతోనే సంబంధము ముగిసిపోవుట. గొఱ్ఱెలు తనవి కాకపోయినను నిలువబడు జీతగాండ్రు లోకములో లేకపోయినచో ఆసుపత్రులలో రాత్రులు తెల్లవారవు, రైలుగేట్లు పడవు, జాతరలలో చక్రములు తిరుగవు.

ఇంతవరకు భారమంతయు పనివానిపై మోపబడినట్లు కనబడవచ్చును. అట్లు విడిచినచో అది అన్యాయమగును. మనుష్యుల కన్నులయెదుట మాత్రము పనిచేయవద్దని పౌలు కొలొస్సయులకు వ్రాసిన హితవును యజమానులు ఇష్టముగా ఎత్తి చూపుదురు. అది దాసులకు వ్రాయబడినదనియు, వెంటనే యజమానుల వైపు తిరిగి న్యాయముగా నడువుమని వారిని హెచ్చరించుననియు చెప్పుట మరతురు. పనివానిని ఋతువు ముగియగనే విసర్జింపదగిన వస్తువుగా ఎంచి, అతనినుండి శాశ్వతోద్యోగి శ్రద్ధను కోరుట రెండు తూకపు రాళ్లు పెట్టుకొనుటయే. చట్టములు సహా కొన్నిచోట్ల ఈ రెండవ రాయిని ఒప్పుకొనినవి. అమెరికా సమాఖ్య ప్రభుత్వపు శ్రమ ప్రమాణముల చట్టము 1938 నాటిది. సంవత్సరములో ఏడు మాసములకు మించి నడువని వినోదస్థలముల పనివారికి కనీస వేతనము, అదనపు గంటల వేతనము తప్పక ఈయవలెనను నిబంధననుండి అది మినహాయింపు ఇచ్చుచున్నది. కొన్ని రాష్ట్రములు తమ చట్టములతో ఈ లోటును పూరించుచున్నవి. ఋతువు చిన్నదైన ఆకలియు చిన్నదగునని తలంచిన వారెవరో తెలియదు.

మత్తయి సువార్త ఇరువదియవ అధ్యాయములోని ద్రాక్షతోట యజమాని ఇందుకు భిన్నముగా లెక్కించెను. అతడు ఒకే దినమున ఐదుమారులు సంతవీధికి పోయి కూలివారిని పిలిచెను. సాయంకాలమున ఒక గంట మాత్రము పనిచేసినవానికిని పూర్తి దినపు కూలి ఇచ్చెను. ఆ ఉపమానమునకు ఇతర అర్థములును కలవు. అయినను కూలివాని ఇంటిలో పొయ్యి ఒక గంట లెక్కన వెలుగదని ఆ యజమానికి తెలియునన్నది దాని పైపొరలోనే ఉన్నది. ధర్మశాస్త్రము కూలివాని జీతమును సూర్యాస్తమయమునకు ముందే చెల్లింపుమనినది. ప్రదర్శనము మూసిన తరువాత లెక్క చూతమని వాయిదా వేయు గుత్తేదారు ఎదుట ఈ చిన్న నియమము నేటికిని పాతబడలేదు. ఎక్కడనైనను యంత్రము తప్పి అపాయము జరిగినప్పుడు, తలుపువాడు ఏమి చేయుచుండెనని మొదట అడుగుదురు. అతడు అప్పటికి ఎన్ని గంటలనుండి నిలుచుండెనని అడుగువారు అరుదు. మొదటి ప్రశ్న న్యాయమైనదే; రెండవదానిని అడుగకపోవుట న్యాయము కాదు.

ఈ పనిలో మరియొక కోరికయు యజమానులు చేర్చుదురు: నవ్వుచుండవలెను. 1955 జూలైలో కాలిఫోర్నియాలో తెరువబడిన డిస్నీలాండులో పనివారిని పనివారని పిలువరు, నాటకములో పాత్రధారుల బృందమునకు చెల్లు పేరుతో పిలుతురు. అచ్చట ప్రవేశించువాడు వేదికపైకి వచ్చినట్లు లెక్క. ఆర్లీ హాక్‌షీల్డ్ అను సమాజశాస్త్రజ్ఞురాలు 1983లో విమాన పరిచారికలను గూర్చి వ్రాసిన గ్రంథములో, జీతమునకై హృదయభావములను అదుపుచేసికొను శ్రమకు ఒక పేరు పెట్టి, పైకి మాత్రము నటించుట, లోపలనే ఆ భావమును పుట్టించుకొన యత్నించుట అని రెండు విధములు చూపెను. కూలికి నవ్వుట అబద్ధమా?

తెలుగు నాటి అనుభవమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఇంట దుఃఖమున్నను పెండ్లిపందిటిలో సన్నాయి ఊదు భజంత్రీని ఎవరును అబద్ధికుడనరు. ఊరేగింపులలో ఆడు బుట్టబొమ్మ ముఖము ఎల్లప్పుడు నవ్వుచుండును. లోపల వెదురుబుట్టను భుజములపై మోయువాడు చెమటతో తడిసి, చిన్న రంధ్రమునుండి దారి చూచుకొనుచుండును. బొమ్మ నవ్వు బొమ్మది, చెమట అతనిది. ఈ రెండును వేరని అందరికిని తెలియును గనుక అక్కడ మోసము లేదు. ఎదుటివాని పండుగను తన దుఃఖముతో చెడగొట్టకుండుట మర్యాద. దానిని కోరుట యజమానికి తగును. లోపలను సంతోషముగా నుండుమని ఆజ్ఞాపించుట వేరు. అది జీతము కొనగల వస్తువు కాదు. పైగా నవ్వునే కొలుచు యజమాని గొళ్లెమును మరచును. నవ్వక, విసుగక, ప్రతి అడ్డును లాగి చూచువాడు, నవ్వుచు చూడక విడుచువానికంటె ఆ బిడ్డకు ఎక్కువ ఆప్తుడు. ఇద్దరిలో నవ్వినవానికే బహుమానము వచ్చుట లోకరీతి.

వినోదమునకు వచ్చువారికిని ఇందులో భాగము లేకపోలేదు. ఎత్తు కొలుచు కఱ్ఱయొద్ద జరుగు వాగ్వాదములో ఇది స్పష్టముగా తెలియును. బాలుడు గీతకు రెండు వ్రేళ్లు తక్కువ. ఆ గీతకు కారణమున్నది: ఒడి అడ్డు పెద్ద శరీరమునకు చాలునట్లు చేయబడినది, చిన్న శరీరము దాని క్రిందనుండి జారగలదు. తండ్రి గంటసేపు వరుసలో నిలిచి వచ్చెను. టిక్కెట్టు చూపును, క్రిందటి ఏడు వేరొకచోట ఎక్కనిచ్చిరనును, పెద్దవారిని పిలువుమనును, చివరకు జేబులో చేయి పెట్టును. వెనుకనున్నవారు కేకలు వేయుదురు. బాలుడు ఏడ్చును. ఈ ఘడియలో ఆ యువకుడు చేయగల మేలు క్రూరత్వమువలెనే కనబడును. ఒప్పుకొనినచో అతనిని దయామయుడందురు. ఒప్పుకొననిచో జీతగాని అహంకారమందురు. అతనిని రక్షింపవలసిన పైఅధికారి, వరుస కదలుటయే ముఖ్యమని ఎక్కనిమ్మనుటయు కలదు. అట్టి వేళ ఆ కొలువు దినకూలికి మించిన వెల అడుగుచున్నది. రుసుము గడువు, తండ్రి సేద్యము, మరునాటి పని, ఇవన్నియు ఒక ప్రక్కను, రెండు వ్రేళ్లు ఒక ప్రక్కను నిలుచును. పనివాడు కాదని తలయూపి, తరువాతివానిని కఱ్ఱయొద్దకు పిలిచినప్పుడు, ఆ తండ్రి తిట్టుకొనుచు బిడ్డను ఎత్తుకొని మిఠాయి అంగడి వైపు పోవును. బిడ్డ క్షేమముగా పోవుచున్నాడన్నది ఆ తండ్రికి తోచనే తోచదు.

ఫిబ్రవరి 15 రాత్రి దీపములు ఆరిన తరువాత యంత్రములను విప్పుట మొదలగును. తొట్లను మొదట దింపుదురు, పిమ్మట ఊచలను, చివరకు ఇరుసును. పానాలు పట్టినవారు మోటారులారీ తెల్లవారకముందే కదలవలెనని తొందరపడుచుందురు. విప్పిన బోల్టులను దుమ్ములోనే విడిచి, మరుసటి ఊరిలో దొరకిన వానిని బిగించుటయు కలదు. జాగ్రత్తగలవాడు వాటిని ఒక్కొక్కటిగా తుడిచి, గ్రీజు పూసి, లెక్కించి గోనెసంచిలో వేయును. మరలు అరిగిన పిన్ను చేతికి తగిలినచో దానిని వేరుగా తీసి, ఎఱ్ఱ గుడ్డపీలిక కట్టి పైన ఉంచును. అతని లెక్క ఆ రాత్రితో తీరినది. మరుసటి జాతరలో ఆ సంచి విప్పువాడు వేరొకడు. వీరిద్దరు ఒకరినొకరు ఎన్నడును చూడరు.